యూనిక్స్ కుటుంబంలో ఆటలు

1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ 'స్పేస్ ట్రావెల్' అనే ఆట రాశారు. సూర్యుడు, గ్రహాలు, వాటి ఉపగ్రహాలు తెర మీద కదులుతుంటాయి. ఆడేవారు నౌకను నడుపుకుంటూ వెళ్ళి వాటి మీద దించాలి. ఈ ఆట నడిచిన జీఈ 635 చాలా పెద్ద కంప్యూటరు. దాని మీద ఒక్క ఆటకు కంప్యూటరు సమయం కింద పడే లెక్క సుమారు 75 డాలర్లు. అంత ఖర్చయినా బొమ్మ కుదుపులతో కదిలేది, నౌక మాట వినేది కాదు. ఎవరూ పెద్దగా వాడని పీడీపీ-7 అనే చిన్న కంప్యూటరు ఒకటి థాంప్సన్ కంటపడింది. దాని తెర బాగుంది. ఆయన, డెన్నిస్ రిచీ కలిసి ఆటను దానికోసం మళ్ళీ మొదటినుంచి రాశారు. ఆ పనిలో ఆ యంత్రం ఆనుపానులన్నీ తెలిశాయి. అంతకుముందే అనుకుని పెట్టుకున్న ఫైల్ సిస్టమ్‌ను థాంప్సన్ దాని మీదే కట్టడం మొదలుపెట్టారు. అది పెరిగి యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ అయింది.

యూనిక్స్ పద్ధతిలో నడిచే వ్యవస్థలు తర్వాత చాలా వచ్చాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణంలో తయారైన బీఎస్‌డీ, దాని వారసులైన ఫ్రీబీఎస్‌డీ, ఓపెన్‌బీఎస్‌డీ, 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ అన్నీ ఆ కుటుంబానివే. ఈ కుటుంబంలో ఆటలకు మొదటినుంచీ గౌరవమైన చోటు ఉంది. ఆటల ప్రోగ్రాములు పెట్టడానికి విడిగా ఒక డైరెక్టరీ ఉంటుంది. యూనిక్స్ మాన్యువల్‌లో ఒకటో విభాగం ఆదేశాలది, రెండోది సిస్టమ్ కాల్స్‌ది, ఆరోది పూర్తిగా ఆటలది. ఓపెన్‌బీఎస్‌డీని ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఇవాళ్టికీ ఆటల కట్ట ఒకటి విడిగా కనిపిస్తుంది. అందులో 'రోబోట్స్' ఉంటుంది. తరుముకొస్తున్న మరమనుషులు ఒకరినొకరు ఢీకొని పడిపోయేలా ఆడేవారు అటూ ఇటూ తప్పుకోవాలి. విమానాలకు ఎత్తు, దిశ చెబుతూ అవి గుద్దుకోకుండా దించే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ ఆట కూడా అందులోదే. బొమ్మలుండవు. అక్షరాలు, అంకెలు, గుర్తులతోనే ఆటంతా నడుస్తుంది.

అక్షరాలతోనే ఒక లోకాన్ని కట్టవచ్చని చూపింది 'రోగ్'. 1980 ప్రాంతంలో మైకేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్ దీన్ని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రాశారు. తర్వాత కెన్ ఆర్నాల్డ్ చేరారు. టెర్మినల్ తెర మీద కోరిన చోట అక్షరాన్ని ఉంచడానికి ఆర్నాల్డ్ రాసిన 'కర్సెస్' లైబ్రరీ ఈ ఆటకు ఆధారం. ఆటగాడు ఒక ఎట్ గుర్తు. నేలమాళిగలో గదులు, వాటిని కలిపే సందులు, కాచుకుని ఉన్న రాక్షసులు. ఒక్కో రాక్షసుడికి ఒక్కో అక్షరం. అట్టడుగు అంతస్తుల్లోని యెండార్ తాయెత్తును తీసుకుని పైకి రావాలి. ప్రతి ఆటకూ నేలమాళిగ కొత్తగా తయారవుతుంది కాబట్టి దారి కంఠస్థం చేసి గెలవడం కుదరదు. చనిపోతే అంతే, దాచుకున్న చోటునుంచి మళ్ళీ మొదలుపెట్టే వీలుండదు. 1983లో వచ్చిన 4.2 బీఎస్‌డీతో పాటు రోగ్ అనేక విశ్వవిద్యాలయాలకు చేరింది. అయితే దాని సోర్స్ కోడ్‌ను అప్పట్లో బయటికి ఇవ్వలేదు.

ఆ లోటే తర్వాతి ఆటకు దారి తీసింది. మసాచుసెట్స్‌లోని ఒక హైస్కూల్లో చదువుతున్న జే ఫెన్లసన్, మరికొందరు మిత్రులతో కలిసి రోగ్ తరహాలో సొంతంగా 'హ్యాక్' రాశారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో గణితవేత్త ఆండ్రీస్ బ్రావర్ దాన్ని బాగా పెంచి 1984లో యూజ్‌నెట్ ద్వారా కోడ్‌తో సహా అందరికీ అందించారు. కోడ్ చేతికందడంతో వేర్వేరు చోట్ల వేర్వేరు మార్పులు పుట్టాయి. మైక్ స్టీఫెన్సన్, ఫిలడెల్ఫియాలో తత్వశాస్త్రం బోధించే ఇజ్‌చక్ మిల్లర్, జానెట్ వాల్జ్ తదితరులు ఆ మార్పుల్ని ఒకచోటికి చేర్చి 1987లో 'నెట్‌హ్యాక్' విడుదల చేశారు. దూరదూరాల్లో ఉన్నవాళ్ళు నెట్‌వర్క్ మీద కలిసి పనిచేయడం వల్లే ఆ పేరు. యూనిక్స్ లోకంలో ఇంత లోతైన ఆట ఇంకొకటి లేదంటే అతిశయోక్తి కాదు.

ఆ లోతు చిన్న చిన్న విషయాల్లో కనిపిస్తుంది. కోడిపుంజును పోలిన కాకట్రిస్ అనే జీవి ఉంటుంది. ఒట్టి చేత్తో ముట్టుకుంటే మనిషి రాయైపోతాడు. చేతికి తొడుగులుంటే మాత్రం చచ్చిన కాకట్రిస్‌ను పట్టుకుని ఆయుధంగా వాడవచ్చు. దాని దెబ్బకు ఎదుటి రాక్షసులే రాళ్ళవుతారు. అలా పట్టుకుని నడుస్తూ గోతిలో పడితే, ఒళ్ళు దానికి తగిలి పట్టుకున్నవాడే రాయవుతాడు. ఈ మూడూ ఎవరో ఆలోచించి, కోడ్‌లో రాసిపెట్టినవే. ఆట కంప్యూటరు గడియారం కూడా చూస్తుంది. పౌర్ణమి నాడు ఆడేవారికి కాస్త అదృష్టం కలుపుతుంది, అమావాస్య నాడు జాగ్రత్తగా ఉండమని హెచ్చరిస్తుంది. ఒకే మెషీన్‌ను చాలామంది వాడుకునే యూనిక్స్ పద్ధతి కూడా ఆటలో కలిసిపోయింది. ఒకరు చనిపోయిన అంతస్తు కొన్నిసార్లు అలాగే నిలిచిపోతుంది. తర్వాత అదే మెషీన్‌లో ఇంకొకరు ఆడుతూ అక్కడికి వస్తే, పోయినవారి సామాను నేలమీద పడి ఉంటుంది, దాని దగ్గరే వారి దెయ్యం తిరుగుతుంటుంది. మిల్లర్ 1994లో కన్నుమూశారు. నెట్‌హ్యాక్ నేలమాళిగలోని ఊరిలో దీపాలు అమ్మే కొట్టు యజమాని పేరు ఇజ్‌చక్. సహచరులు ఆయనకు కట్టిన స్మారకం అది.

నెట్‌హ్యాక్ లైసెన్సు గ్నూ ప్రాజెక్టు లైసెన్సు నమూనాలో రాసింది. ఈ వ్యాసంలో వచ్చే ఆటల్లో ఎక్కువభాగం గ్నూ జనరల్ పబ్లిక్ లైసెన్సు కిందే ఉన్నాయి. గ్నూ ప్రాజెక్టును మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్ 1989లో వెలువరించిన ఈ లైసెన్సు ప్రకారం ప్రోగ్రామును ఎవరైనా ఏ పనికైనా నడుపుకోవచ్చు, కోడ్ చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఇతరులకు పంచవచ్చు. మార్చి పంచేవారు ఆ మార్పుల కోడ్‌ను కూడా అదే షరతుల మీద ఇవ్వాలి. దుకాణంలో కొన్న ఆటకూ దీనికీ తేడా ఇక్కడే ఉంది. అమ్మే కంపెనీ మూతపడితే దాని ఆట అక్కడితో ఆగిపోవచ్చు. కోడ్ పదిమంది చేతుల్లో ఉన్న ఆటను ఒకరు వదిలేస్తే ఇంకొకరు అందుకుంటారు.

కెనడాలో వాటర్లూ విశ్వవిద్యాలయ విద్యార్థి జాస్మిన్ ప్యాట్రీ రాసిన 'టక్స్ రేసర్' విషయంలో అదే జరిగింది. లినక్స్ చిహ్నమైన టక్స్ పెంగ్విన్ మంచుకొండ మీద బొర్లా పడుకుని జారుతూ చేపలు ఏరుకునే ఆట అది. 2000లో ఉచితంగా వచ్చింది. తర్వాతి కూర్పు కోడ్ మూసేసి వ్యాపార సరుకుగా వచ్చింది. అయినా పాత కోడ్ లైసెన్సు వెనక్కి తీసుకునేది కాదు. దాని మీద వేరేవాళ్ళు పని కొనసాగించారు. అదే ఇప్పుడు 'ఎక్స్‌ట్రీమ్ టక్స్ రేసర్'గా దొరుకుతోంది. తుపాకీల ఆట 'నెక్సుయిజ్' కూడా అంతే. 2010లో ఆ పేరు వాడుకునే హక్కు ఒక వ్యాపార సంస్థకు వెళ్ళింది. దాన్ని తయారుచేసినవాళ్ళలో చాలామంది అదే కోడ్‌తో 'జొనోటిక్' అనే కొత్త పేరు పెట్టుకుని ముందుకు సాగారు.

1990ల్లో యూనిక్స్ మెషీన్లకు ఎక్స్ విండో వ్యవస్థ మామూలైంది. తెర మీద రంగుల బొమ్మలు వచ్చాయి, మెషీన్లన్నీ నెట్‌వర్క్‌లో ఉన్నాయి. డెన్మార్క్‌లోని ఆర్హుస్ విశ్వవిద్యాలయంలో ముగ్గురు కంప్యూటర్ సైన్స్ విద్యార్థులు 1995 నవంబరులో 'ఫ్రీసివ్' మొదలుపెట్టారు. 1991లో సిడ్ మయర్ రూపొందించిన 'సివిలైజేషన్' దీనికి ప్రేరణ. ఒక్కడు కూర్చుని ఆడే ఆ ఆటను నెట్‌వర్క్ మీద చాలామంది కలిసి ఆడేలా చేయాలన్నది వారి పట్టుదల. 1996 జనవరిలో మొదటి కూర్పు వచ్చేసింది. ఆట లెక్కలన్నీ ఒక సర్వరు చూసుకుంటుంది, ఆడేవారి తెర విడి ప్రోగ్రాము. ఈ విభజన వల్లే ఆట ఎన్నో వ్యవస్థలకు తేలిగ్గా వెళ్ళింది. నియమాలు మామూలు టెక్స్ట్ ఫైళ్ళలో ఉంటాయి. గుర్రం ఎంత దూరం నడవాలో, ధాన్యాగారం కట్టడానికి ఎంత ఖర్చో ప్రోగ్రామింగ్ రానివారు కూడా మార్చి చూసుకోవచ్చు.

ఉచిత ఆటల చరిత్రలో మరో పెద్ద మలుపు అమ్మకానికి తయారైన ఆటల కోడ్ బయటికి రావడం. ఐడీ సాఫ్ట్‌వేర్ 1993లో విడుదల చేసిన 'డూమ్' కోడ్‌ను 1997 డిసెంబరులో ఆ సంస్థకు చెందిన జాన్ కార్మాక్ అందరికీ ఇచ్చారు. అప్పుడిచ్చింది దాని లినక్స్ కూర్పు కోడే. 1999లో అది గ్నూ లైసెన్సు కిందికి వచ్చింది. అదే ఏడు 'క్వేక్', 2005లో 'క్వేక్ 3' కోడ్ కూడా వచ్చాయి. ఇక్కడ ఒక మెలిక ఉంది. కంపెనీ ఇచ్చింది ఆటను నడిపే ఇంజిను మాత్రమే. బొమ్మలు, శబ్దాలు, గదుల నమూనాలు ఇవ్వలేదు. ఇంజిను సినిమా హాల్లో ప్రొజెక్టరు వంటిది, రీలు లేకపోతే తెర మీద ఏమీ పడదు. ఆ రీలు తయారుచేసే పని 'ఫ్రీడూమ్' బృందం చేపట్టింది. డూమ్‌లోని ప్రతి రాక్షసుడికి, ప్రతి గోడకు, ప్రతి శబ్దానికి బదులు కొత్తవి గీసి, రికార్డు చేసి, ఉచితంగా పంచుకోదగిన పూర్తి ఆట చేసింది. క్వేక్ 3 ఇంజినుతో 'ఓపెన్‌అరీనా' అలాగే వచ్చింది. 1990ల నాటి రవాణా వ్యాపారపు ఆట 'ట్రాన్స్‌పోర్ట్ టైకూన్ డీలక్స్'కు మాత్రం కోడ్ ఎవరూ ఇవ్వలేదు. స్వీడన్‌కు చెందిన లుడ్విగ్ స్ట్రిగేయస్ అసలు ఆట నడకను విప్పి చూసి, అంతా తిరగరాసి 2004లో 'ఓపెన్‌టీటీడీ' విడుదల చేశారు. 2010 నాటికి దీని బొమ్మలు కూడా కొత్తవి సిద్ధమై, పాత సీడీతో పని లేకుండా పోయింది.

కథ, యుద్ధం, ఎత్తుగడ కలిసిన ఆట కావాలనుకునేవారికి 'బ్యాటిల్ ఫర్ వెస్నాత్' సాటిలేనిది. డేవిడ్ వైట్ 2003లో మొదలుపెట్టారు. పటమంతా ఆరు పలకల గళ్ళు. ఒక్కో సైనికుడు ఒక్కో గడిలో ఉంటాడు, వంతులవారీగా కదలాలి. దెబ్బ తగలడం తగలకపోవడం నిలబడ్డ నేలను బట్టి ఉంటుంది. అడవిలో ఉన్న ఎల్ఫ్ సైనికుడికి దెబ్బ తగిలే అవకాశం సాధారణంగా 30, 40 శాతమే. అదే నీళ్ళలో దిగిన మామూలు సైనికుడికి 80 శాతం. రోజు ఆరు వంతులుగా సాగుతుంది. తెల్లవారడం, ఉదయం, మధ్యాహ్నం, సందె, రాత్రి రెండు జాములు. మనుషుల సేనకు పగలు దెబ్బ బలం 25 శాతం పెరుగుతుంది, రాత్రి అంతే తగ్గుతుంది. ఓర్క్‌లకు సరిగ్గా తలకిందులు. అందుకే సందె వేళకు వెనక్కి తగ్గి ఊళ్ళలో సేదదీరి, తెల్లవారాక దూకేవాడే గెలుస్తాడు. సైనికుడు ఊరిలో ఆగితే గాయాలు మానుతాయి, పట్టుకున్న ప్రతి ఊరూ బంగారం ఇస్తుంది. నేర్చుకోవడం సులువు, బాగా ఆడటం కష్టం. కథలు, బొమ్మలు, సంగీతం చాలావరకు స్వచ్ఛందంగా పనిచేసినవారివే.

భారతదేశానికి నేరుగా చోటిచ్చిన ఆట 'జీరో ఏ.డీ.'. వైల్డ్‌ఫైర్ గేమ్స్ అనే స్వచ్ఛంద బృందం 2001లో మొదలుపెట్టి, 2009లో కోడ్ అంతా తెరిచింది. ప్రాచీన కాలపు సామ్రాజ్యాల మధ్య పోరు దీని వస్తువు. గ్రీకులు, రోమన్లు, పారశీకులు, కార్తేజ్ వారితో పాటు మౌర్యులూ ఉన్నారు. చంద్రగుప్తుడు, అశోకుడు, చాణక్యుడు మౌర్య పక్షాన నాయకులు. మౌర్యులకు మాత్రమే పనిచేసే ఏనుగు ఉంటుంది. కలప కొట్టేవాళ్ళు, రాళ్ళు తవ్వేవాళ్ళు తమ సరుకును కొట్టం దాకా మోసుకుపోకుండా పక్కనే నిలబడ్డ ఏనుగుకు అప్పగించవచ్చు. ఏనుగును పనివాళ్ళ వెంట నడిపించవచ్చు. గ్రీకు, రోమన్ చరిత్రలే ఎక్కువగా కనిపించే ఆటల్లో మౌర్య నగరాన్ని ఇంత శ్రద్ధగా కట్టి చూపడం మెచ్చుకోదగ్గది. ఏళ్ళ తరబడి దీని విడుదలలన్నీ ఇంకా పూర్తికాని ఆల్ఫా కూర్పులుగానే వచ్చాయి. 2025 జనవరిలో వచ్చిన 27వ ఆల్ఫాకు 'అగ్ని' అని పేరు పెట్టారు. డౌన్‌లోడ్ ఒక గిగాబైటుకు పైనే ఉంటుంది. సైన్యాలు పెరిగేకొద్దీ పాత కంప్యూటర్ల మీద ఆట నెమ్మదిస్తుంది.

చదరంగంలో ఉచిత ప్రోగ్రాము ప్రపంచంలోని మిగతావాటన్నిటినీ దాటిపోయింది. నార్వేకు చెందిన టోర్డ్ రొమ్‌స్టాడ్ రాసిన 'గ్లారుంగ్' ఆధారంగా ఇటలీకి చెందిన మార్కో కోస్టాల్బా 2008లో 'స్టాక్‌ఫిష్' మొదలుపెట్టారు. కోడ్‌లో ఎవరు ఏ మార్పు సూచించినా అది నిజంగా మేలో కాదో తేల్చడానికి పాత కూర్పుకూ కొత్త కూర్పుకూ మధ్య వేలాది ఆటలు ఆడిస్తారు. ఆ ఆటలకు కావలసిన కంప్యూటరు సమయాన్ని ప్రపంచమంతటా స్వచ్ఛందంగా ఇస్తారు. స్టాక్‌ఫిష్‌కు సొంత బోర్డు ఉండదు. 'ఎక్స్‌బోర్డ్' లాంటి ప్రోగ్రాముతో కలిపి ఆడాలి. దీని కోడ్ వాడుకుని లైసెన్సు షరతులు పాటించలేదంటూ 2021లో ఒక జర్మన్ కంపెనీ మీద తయారీదారులు కోర్టుకు వెళ్ళారు. 2022లో అది రాజీతో ముగిసింది. ఉచిత లైసెన్సుకు చట్టబలం ఉందనడానికి అది మంచి ఉదాహరణ.

ఐదు నిమిషాల తీరికలో ఆడుకోవడానికి బ్రిటన్‌కు చెందిన సైమన్ టాథమ్ పజిళ్ళ సంకలనం ఉంది. దాదాపు 40 పజిళ్ళు, అన్నీ చిన్నవి, పాత మెషీన్ మీద కూడా చిటికెలో తెరుచుకుంటాయి. మందుపాతరల ఆట ఎన్నో వ్యవస్థల్లో ఉన్నా, చాలాసార్లు చివరికి ఏదో ఒక గడిని ఊహించి నొక్కాల్సి వస్తుంది. టాథమ్ కూర్పులో ఆ అవసరం రాదు. తర్కంతోనే పూర్తిగా తేలే అమరికలే అది ఇస్తుంది. విమానయానం మీద ఆసక్తి ఉన్నవారికి 1997లో మొదటి కూర్పు వచ్చిన 'ఫ్లైట్‌గేర్' ఉంది. భూగోళమంతా, 20,000కు పైగా నిజమైన విమానాశ్రయాలతో ఇందులో ఉంటుంది. విమానాశ్రయాలు వెలువరించే వాతావరణ నివేదికల్ని ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుని గాలి, మబ్బు అలాగే చూపగలదు.

పిల్లల కోసం కొన్ని ఉన్నాయి. బిల్ కెండ్రిక్ 2002లో మొదలుపెట్టిన 'టక్స్ పెయింట్' బొమ్మలు గీసుకునేది. ఫ్రాన్స్‌లో 2000లో పుట్టిన 'జీకాంప్రీ'లో అక్షరాలు, లెక్కలు, భూగోళం, చదరంగం దాకా 100కు పైగా కృత్యాలున్నాయి. ప్రకటనలు ఉండవు, డబ్బు అడిగే బొత్తాలు ఉండవు. బడుల్లో పెట్టడానికి ఇంతకంటే మంచివి దొరకవు. కారు పందేల 'సూపర్‌టక్స్‌కార్ట్' 2019 నుంచి ఇంటర్నెట్ మీద కలిసి ఆడుకునేలా ఉంది. ఫిన్లాండ్‌కు చెందిన పెర్టు ఆహోలా 2010లో 'మైన్‌టెస్ట్' పేరుతో ప్రారంభించిన ఇటుకల లోకం పేరు 2024లో 'లువాంటీ'గా మారింది. లువా అనే సులువైన భాషలో నాలుగు వరుసలు రాసి కొత్త రకం ఇటుకను పుట్టించవచ్చు. ప్రోగ్రామింగ్ మొదటి పాఠం ఆటలోనే దొరుకుతుంది.

ఈ ఆటలను ఎక్కడెక్కడో వెతికి తెచ్చుకోనక్కర్లేదు. డెబియన్, ఉబుంటు, ఫెడోరా వంటి లినక్స్ పంపిణీల్లో సాఫ్ట్‌వేర్ సెంటర్ తెరిచి ఆట పేరు వెతికితే చాలు. డెబియన్, ఉబుంటులలో టెర్మినల్ అలవాటున్నవారు ఏప్ట్ ఆదేశంతో, ఫ్రీబీఎస్‌డీ వాడేవారు పీకేజీ ఆదేశంతో తెచ్చుకుంటారు. పంపిణీవారు పరీక్షించి పెట్టినవి కాబట్టి అక్కడి నుంచి తెచ్చుకోవడమే క్షేమం.

తెలుగు విషయానికొస్తే, హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే 'స్వేచ్ఛ' సంస్థ లినక్స్‌ను తెలుగులోకి తెచ్చే పని చాలా ఏళ్ళుగా చేస్తోంది. గ్నోమ్ డెస్క్‌టాప్ చిన్న ఆటల్లో కొన్నిటికి, టక్స్ పెయింట్‌కు తెలుగు అనువాదాలు ఉన్నాయి. పెద్ద ఆటల్లో చేయవలసింది ఎంతో మిగిలి ఉంది. ఈ ఆటల్లో కనిపించే మాటలు సాధారణంగా కోడ్ నుంచి విడదీసిన టెక్స్ట్ ఫైళ్ళలో ఉంటాయి. పైన మూలవాక్యం, కింద అనువాదం. ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు, మంచి తెలుగు వస్తే చాలు. ఉపాధ్యాయులు, కళాశాల విద్యార్థులు, విదేశాల్లో ఉన్న తెలుగువారు ఒక్కో ఆటను పంచుకుని, ముందు పిల్లల ఆటలతో ఈ పని మొదలుపెట్టాలి.